నంజమ్మ తెచ్చిన పురుగుల మందు

హోసూరు పక్కన ఉద్దనపల్లిలో నంజమ్మ చెప్పిన మాటను ఎవరూ మొదటిసారికే నమ్మరు. ట్రాక్టరు అమ్మడానికి వచ్చిన ఏజెంటును కొట్టం దగ్గరికి తీసుకుపోయి, "మా డ్రైవరును అడిగి చెప్తాను, ఉండప్పా" అని ఎద్దు చెవిలో గుసగుసలాడిన మనిషి ఆమె. ఆ ఏజెంటు మళ్లీ ఆ వీధిలోకి రాలేదు. భర్త పోయాక రాగి, బీన్సు, టమోటా అన్నీ తనే పండించింది. కొడుకు రఘునాథ్‌ను చదివించి, కృష్ణగిరి నుంచి కోడలిని తెచ్చుకుంది. ఆ నోరే లేకపోయి ఉంటే దాయాదులు ఆమెకు గట్టు మీది గడ్డి కూడా మిగిల్చేవాళ్లు కాదని ఊరంతా ఒప్పుకుంటుంది.

అంత నోరున్న మనిషి చుక్కి దగ్గర మాత్రం మెత్తబడిపోయేది. చుక్కి టమోటా తోటకు కాపలా కుక్క. నుదుట తెల్లమచ్చ ఉండబట్టి ఆ పేరు. ఎంత కాపలా కాసినా దాని పిల్లల్ని అది కాపాడుకోలేకపోయింది. ఈనిన ప్రతిసారీ పిల్లలు పొట్టలు ఊది గుండ్రంగా తయారయ్యేవి. ఎంత బొద్దుగా ఉన్నాయో అని ఊరు మురిసిపోయే లోపే ఒక్కొక్కటీ చచ్చిపోయేవి. దిష్టి తగిలిందని నంజమ్మ ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసేది. తరువాత వాటిని చేని గట్టున పూడ్చిపెట్టి ఏడ్చేది. ఎవరైనా చూస్తే, ఉల్లిపాయలు తరిగినాను అనేది. చేని గట్టున ఉల్లిపాయలేమిటని అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

రెండు వేల రెండో సంవత్సరం వేసవిలో చుక్కి కొత్త అలవాటొకటి నేర్చింది. వెనక భాగం నేలకేసి రుద్దుకుంటూ వాకిలంతా జారుకుంటూ పోయేది.

"వాకిలి ఊడుస్తా ఉండాది చూడు, కోడలికి పని తగ్గింది" అని నంజమ్మ నవ్వింది. కోడలు ప్రేమ నవ్వలేదు. నాలుగేళ్ల మనవరాలు రక్షిత ఆ వాకిట్లోనే మట్టిలో ఆడుకుంటూ, అవే వేళ్లు నోట్లో పెట్టుకునేది. వారం తిరక్కుండానే పిల్లకు కడుపునొప్పి పట్టుకుంది. హోసూరు డాక్టరు చూసి కడుపులో పురుగులన్నాడు. ఇవి మట్టిలోంచీ రావచ్చు, చేతులు కడగకపోతే రావచ్చు, ఇంట్లో కుక్క ఉంటే దానికీ ఒకసారి మందు వేయించండి అని నెమ్మదిగా వివరించాడు. ప్రేమ అందులోంచి కుక్క అన్న ఒక్క మాటనే పట్టుకుని ఇంటికి వచ్చింది.

"అత్తా, ఈ ఇంట్లో నా బిడ్డన్నా ఉండల్ల, ఆ కుక్కన్నా ఉండల్ల" అంది. రఘునాథ్ తలెత్తకుండా సంగటి తిన్నాడు. తిని, అడవి అంచున అంచెట్టిలో ఉన్న మేనమామ అంకప్పకు ఫోన్ చేశాడు. శుక్రవారం వచ్చి కుక్కను తోలుకుపోతానన్నాడు అంకప్ప. నంజమ్మ ఫోన్ లాక్కుని తమ్ముణ్ణి అడిగింది.

"ఆడ చిరుతలు తిరుగుతాయి కదరా?"

"అందుకే కదక్కా మాకు కుక్కలు నిలిచేది లేదు. ఇంకొకటి కావల్ల" అన్నాడు అంకప్ప హాయిగా.

ఆ రాత్రి నంజమ్మ కోడలికి ఎదురు చెప్పలేదు. కడుపు పట్టుకుని ఏడ్చిన పిల్ల తన మనవరాలే కదా.

మర్నాడు ఒక్కతే బస్సెక్కి హోసూరు పశువుల ఆసుపత్రికి పోయింది. కుక్కను ఎక్కించుకోనన్నాడు కండక్టరు. అక్కడి డాక్టరు తమిళం కలిసిన తెలుగులో అన్నీ చెప్పాడు.

"తల్లి కడుపులో ఉండంగానే పిల్లలకు పూచి, అదే పురుగు, పట్టేస్తాదిమ్మా. పుట్టినాక పాలల్లోనూ పోతాది. పిల్లలకు రెండు వారాలకే మందు మొదలుపెట్టల్ల, తల్లికీ అప్పుడే పెట్టల్ల. పెద్ద కుక్కకు మూడు నెలలకోసారి. పచ్చి మాంసం వేయొద్దు. అది దొడ్డికి పోయింది అప్పటికప్పుడే ఎత్తి పూడ్చల్ల. లేకుంటే మళ్లీ మొదటికొస్తాది."

"అయితే ఆ పిల్లలకు తగిలింది దిష్టి కాదా సార్?"

"దిష్టి కంటికి కనపడదమ్మా. ఇవి కనపడతాయి."

నంజమ్మకు గట్టున తవ్విన గుంటలు గుర్తొచ్చాయి. అన్ని పిల్లల్ని తన చేతులతోనే పూడ్చిపెట్టింది. ఒక్క మాత్రకు బతికేవి. తిరుగు బస్సులో ఆమె ఎవరినీ ఏడిపించలేదు. పక్కన కూర్చున్నవాళ్లు ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు.

పది కిలోల బరువుకు ఒక మాత్ర అని చెప్పాడు డాక్టరు. నంజమ్మ ఇంటికి రాగానే టమోటా తూచే కాటాను వాకిట్లోకి లాగింది. చుక్కిని క్రేటులో కూర్చోబెట్టి కాటా మీద పెట్టింది. చుక్కి బుద్ధిగా కూర్చుని నాలుగు దిక్కులా చూస్తోంది. ఎదురింటి బసవమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఊరికి రేడియో లాంటి మనిషి ఆమె.

"ఏం నంజక్కా, కుక్కను మార్కెట్టుకు పంపిస్తా ఉండావా?"

"లే బసవమ్మా, పురుగుల మందు పెట్టల్ల. బరువు తెలిస్తే కదా ఎంత పెట్టల్లో తెలిసేది."

బసవమ్మ ముఖం పాలిపోయింది. అప్పుడు గానీ నంజమ్మకు తట్టలేదు. ఉద్దనపల్లిలో పురుగుల మందంటే బీన్సు చేనుకు కొట్టేదే, డబ్బా మీద పుర్రె బొమ్మ ఉండేదే. కడుపులో పురుగులకు అని ఒక్క మాట చేర్చి ఉంటే సరిపోయేది. చేర్చడానికే నోరు తెరిచింది. బసవమ్మను ఇంకోసారి చూసి, మూసుకుంది. అంతటితో ఆగకుండా కొంగుతో కళ్లు కూడా ఒత్తుకుంది.

"చిరుత నోట్లో పడేదానికంటే ఈడే, నా చేతుల్లోనే పోనీలే" అంది.

బసవమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తింది.

చుక్కి పద్దెనిమిది కిలోలు తూగింది. నంజమ్మ రెండు మాత్రలు సంగటి ముద్దలో పెట్టి వేసింది. చుక్కి ముద్దంతా మింగి, మాత్రల్ని మాత్రం శుభ్రంగా నాకి నేల మీద పెట్టింది. "అమ్మ దొంగా" అని, ఈసారి ఎండుచేప నలిపి ముద్దలో కలిపింది. చుక్కి నమలకుండానే గుటుక్కుమనిపించింది. సరిగ్గా అప్పుడే ప్రేమ పాల డిపో నుంచి ఖాళీ క్యానుతో పరుగెత్తుకుంటూ వచ్చింది. వెనకాల సగం వీధి ఉంది.

క్యాను ఎక్కడో పడింది. ప్రేమ కుక్క మీద పడి, దాని నోట్లోకి వేళ్లు పెట్టింది.

"కక్కు చుక్కీ! కక్కవే తల్లీ!" అంటూ భోరుమంది. "నేను పంపించమన్నానే గాని సంపమన్నానా? ఇది నా కుక్క! దీని మీద ఇంకెవురు చెయ్యేసినా ఊరుకోను. అత్తయినా సరే!"

నంజమ్మ అరుగు మీద కూర్చుని వక్కాకు నోట్లో వేసుకుంది. ఆమె ప్రాణం హాయిగా ఉంది. ఈ మాటను వీధి వీధంతా విన్నది. బసవమ్మ విన్నది చాలు. ఇంకొంచెం సేపు ఏడవనిద్దామనుకుంది.

అంతలో ప్రేమ లోపలికి ఉరికి చెంబుడు ఉప్పునీళ్లు తెచ్చింది. అవి తాగిస్తే మందంతా బయటికి వచ్చేస్తుంది, చుక్కికి కడుపునొప్పి వస్తుంది. నంజమ్మ వక్కాకు ఉమ్మేసి లేచింది.

"ఓయమ్మా, తాగించొద్దే! అది కడుపులో పురుగులకు మందే! డాక్టరిచ్చినాడు!"

ఎవరూ నమ్మలేదు. ఎద్దును డ్రైవరన్న మనిషి ఇప్పుడు నిజం చెప్తోందంటే ఎలా నమ్ముతారు? బసవమ్మ నంజమ్మ రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది. "పొయ్యవే ప్రేమా, నేను పట్టుకొని ఉండాను" అని అరిచింది. చెంబు చుక్కి మూతి దాకా వచ్చింది. జీవితంలో మొదటిసారి నంజమ్మకు తన నోటి మీద తనకే అసహ్యం వేసింది.

"నా రక్షిత మీద ఒట్టు!" అంది.

ప్రేమ చెయ్యి ఆగింది. అత్త ఎన్ని కథలు అల్లినా మనవరాలి మీద ఎప్పుడూ ఒట్టు వేయలేదు. నంజమ్మ నడుముకు దోపుకున్న మాత్రల అట్ట తీసి ఇచ్చింది. ప్రేమ ప్లస్ టూ దాకా చదువుకుంది. కన్నీళ్లు తుడుచుకుని, అట్ట మీది ఇంగ్లీషు అక్షరాలను ఒక్కొక్కటీ కూడబలుక్కుంది. చదవడం అయిపోయాక ఆమె ముఖం పండు మిరపకాయలా ఎర్రబడింది. వీధి గొల్లున నవ్వింది. ప్రేమ చెంబు తీసుకుని లోపలికి పోయి తలుపు వేసుకుంది. రెండు రోజులు అత్తతో మాట్లాడలేదు. చుక్కితో మాత్రం మాట్లాడింది.

శుక్రవారం అంకప్ప తాడు చుట్టి భుజాన వేసుకుని దిగాడు. నంజమ్మ స్తంభం పట్టుకుని నిలబడింది. ఇంకో అబద్ధం ఆడితే కోడలికి ఉన్న కాస్త నమ్మకం కూడా పోతుందని భయం వేసింది. ప్రేమ వంటింట్లోంచి వచ్చి, తాడు అందుకుని దూలానికి తగిలించింది.

"కూచోండి చిన్నాయనా, సంగటి తినిపోండి. కుక్క రాదు. మూడు నెలలకోసారి దానికి మాత్రలు పెట్టల్ల. మీ అడవిలో ఎవురు పెడతారు?"

అంకప్ప అక్క వైపు చూశాడు. నంజమ్మ కళ్లలో నీళ్లు వచ్చాయి, ఉల్లిపాయలనడం కూడా మరిచిపోయింది. ప్రేమ అప్పుడు మూలనున్న పార తెచ్చి ఆమె చేతికిచ్చింది.

"అత్తా, పెరట్లో చుక్కి పొద్దున ఏరిగింది అట్లే ఉండాది. పోయి ఎత్తి పూడ్చిరాండి. చేతులు సబ్బుతో కడుక్కోండి."

ఆ ఇంటికి వచ్చిన నాటి నుంచీ ఎవరు ఏ పని చెప్పినా ఎదురు సమాధానం చెప్పకుండా కదలని నంజమ్మ, పార భుజాన వేసుకుని మారు మాట లేకుండా పెరట్లోకి నడిచింది.