మామగారి పక్కన గాలం వేసిన మాఘమాసం

ఈ ఉదయం బాల్కనీ తలుపు తీయగానే మొహానికి తగిలిన చలిగాలిలో పాచినీటి వాసన వచ్చింది. సింహాచలం కొండ మంచులో సగం మునిగి ఉంది. కాఫీ చల్లారిపోతోందని మా ఆవిడ లోపలినుంచి కేకేస్తున్నా నేను కదల్లేదు. ఆ వాసన నన్ను లాక్కెళ్ళి, మేఘాద్రిగెడ్డ వాగు గట్టు మీద, ఎప్పటిదో ఒక మాఘమాసంలో కూర్చోబెట్టేసింది. మీలో చన్నీళ్ళలో గాలం వేసినవాళ్ళుంటే నా అవస్థ అర్థమవుతుంది.

అప్పుడు నాకు స్టీలు ప్లాంటులో కొత్త ఉద్యోగం. కృష్ణా జిల్లా నుంచి ఒక పెట్టె పట్టుకుని వచ్చినవాణ్ణి, పెందుర్తిలో ఒక రైతు కూతుర్ని ఇష్టపడి, ఆయన ససేమిరా అన్నా వినకుండా పెళ్ళి చేసుకున్నాను. ఏడాది గడిచినా మామగారు మా గడప తొక్కలేదు. ఇంతలో మా ఆవిడకి ఏడో నెల వచ్చింది. పుట్టింటినుంచి సూడిదలు రాలేదని పైకి అనేది కాదు గానీ, వీధిలో సైకిలు బెల్లు మోగితే చాలు, గుమ్మంలోకి వచ్చి నిలబడేది. కానుపులోగా ఆయన ఒక్కసారి వచ్చి చూసిపోతే చాలునని నాకుండేది. ఆ మాట అడగడానికి ఆయన నన్ను దగ్గరికి రానిస్తే కదా!

ఆయనకి చేపల పిచ్చి. చలికాలమంతా తెల్లారేసరికి గెడ్డ గట్టు మీద వెదురు గాలంతో కూర్చునేవారు. మధ్యాహ్నం డ్యూటీ పడిన వారాల్లో నేనూ ఒక గాలం కొనుక్కుని, ఆయనకి కాస్త ఎడంగా కూర్చోవడం మొదలుపెట్టాను. ఆయన పెడమొహం పెట్టేవారు గానీ లేచి వెళ్ళిపోయేవారు కాదు. ఎందుకంటే ఆ మలుపులోనే నీళ్ళు లోతు, చలికి చేపలన్నీ అక్కడే అడుగున చేరతాయి. మొండితనంలో మామా అల్లుళ్ళం ఒకరికొకరం తీసిపోలేదు. చుట్టూ పొగమంచు, ఎక్కడో రైలు కూత, నీటి మీద కదలని రెండు బెండు ముక్కలు, మాటా పలుకూ లేని ఇద్దరు మనుషులు. ఇప్పుడు తలుచుకుంటే ఆ పొద్దులన్నీ కలలోనే గడిపానేమో అనిపిస్తుంది.

అక్కడ దొరికేవి జిలేబీ చేపలు, అరచెయ్యంత ఉండేవి. నాకు మాత్రం ఒక్కటీ పడేది కాదు. బెండు వణికిందో లేదో కర్ర పైకి లాగేసేవాణ్ణి, ఎర ఊడిపోయేది. ఎన్నాళ్ళు ఓర్చుకున్నారో గానీ, ఒకరోజు ఆయన నీళ్ళకేసి చూస్తూనే, "సన్నీల్లల్లో సేప గట్టిగా లాగదు. నోట్లో ఎట్టుకుని ఊరుకుంతాది. బెండు ములిగే దాకా ఆగాల," అన్నారు. నాతో అన్నారో, గెడ్డతో అన్నారో! నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఇంటికెళ్ళి చెబితే మా ఆవిడ ఆ ముక్కలు మళ్ళీ మళ్ళీ చెప్పించుకుని, చివరికి, "నా గురించి ఏటైనా అడిగినాడా?" అంది. లేదన్నాను.

మాఘం చివర్లో ఎండ చురుక్కుమనడం మొదలైంది. అక్కడివాళ్ళకి ఒక పట్టింపు ఉందని నాకు అప్పటికి తెలియదు. నీళ్ళు వేడెక్కగానే తల్లి జిలేబీ గుడ్లని నోట్లో పెట్టుకుని పొదుగుతుంది. పిల్లలయ్యాక కూడా కొన్నాళ్ళు నోట్లోనే దాస్తుంది, అన్నాళ్ళూ మేత ముట్టదు. అలాంటి చేప ఒక్కటి కంటబడిందంటే వానలు పడేదాకా గాలాలు చూరులో దోపేస్తారు. ఆ వేళ నా బెండు నిదానంగా మునిగింది. ఆగి ఆగి లాగాను. పెదవి బయట గాలం తగులుకున్న చేప ఒకటి గట్టు మీద పడి నోరు తెరిచింది. నూకలంతేసి పిల్లలు బిలబిలా తడిమట్టి మీదికి రాలాయి.

మామగారు ఒక్క అంగలో వచ్చి, ఆ పిల్లల్ని మట్టితో సహా దోసిట్లోకి ఎత్తి నీళ్ళలో వదిలారు, తల్లిని గాలం విడిపించి వాటి దగ్గరే వదిలారు. మోకాలిలోతు నీళ్ళలో చాలాసేపు అలా వంగే ఉండిపోయారు. తరవాత తన గాలానికి దారం చుట్టి, నా గాలానికి కూడా ఆయనే చుట్టేసి, మొదటిసారి నా మొహంలోకి చూశారు.

"గుంట ఏటైనా తింతందా?" అన్నారు.

మా ఆవిడకి ఏదీ సయించడం లేదని చెప్పాను. ఆయన ముందు నడిచారు, నేను రెండు గాలాలూ పట్టుకుని వెనక నడిచాను. మా ఇంటికి దారి ఆయనకి చెప్పక్కర్లేకపోయింది. మా ఆవిడ గుమ్మంలోనే ఉంది. ముక్కు మీద కోపంలో తండ్రి పోలికే, నవ్వలేదు, ఏడవలేదు. "కాళ్ళు కడుక్కో నాన్నా, బురదగున్నాయి," అంటూ చెంబు అందించింది. ఆయన చెంబు అందుకుని గుమ్మం పక్కకి వెళ్ళి కాళ్ళు కడుక్కున్నారు. నేను దుఃఖం ఆపుకోలేక పెరట్లోకి వెళ్ళిపోయాను.

ఇప్పుడు గెడ్డ చుట్టూ కాలనీలు వచ్చాయి, మామగారు లేరు. కాలం అన్నాక అవి తప్పవని సరిపెట్టుకోగలను. కానీ ఆనాడు కడుపులో ఉన్న మా పెద్దవాడికీ నాకూ ఈమధ్య మాట పట్టింపు వచ్చి పలకరింపులు ఆగిపోయాయి. వాడుండేదీ ఈ ఊళ్ళోనే. ఫోను చేస్తే తీయడు. ఇంటికెళితే టీ ఇప్పించి తన గదిలోకి వెళ్ళిపోతాడు. అలిగిన మనిషి పక్కన, ఒక్క మాటా లేకుండా, పొద్దెక్కేదాకా కూర్చోగలిగే పని ఏదైనా మా ఇద్దరికీ ఉంటే ఎంత బావుండేది! ఎంత ఆలోచించినా అలాంటిది ఒక్కటీ తట్టడం లేదు.