ఎర్రమట్టి ఫిర్యాదు

బువాలాయి పెద్దమ్మ మెకాంగ్ నదిని నమ్మదు. ఊరంతా ఆ నీళ్లు తాగి, ఆ చేపలు తిని బతుకుతుంటే, ఆవిడ మాత్రం పొద్దున్నే ఒడ్డుకు దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, "ఏం పట్టుకుపోయావే రాత్రి?" అని నదిని నిలదీసేది. నదినే నమ్మనావిడ మనుషుల్ని నమ్ముతుందా? జిగురన్నం బుట్టకు మూడు ముళ్లు వేసేది. సాయంత్రానికి లెక్క మరిచిపోయి, మూడో ముడి ఎవరు వేశారంటూ ఇరుగుపొరుగు మీద పడేది. కొండల మీంచి పొగమంచు దిగినా, "ఊరికే దిగదది, ఎవడినో దాచడానికే" అనేది.

ఊరిపెద్ద ఫూమికి ఆవిడ మాటలంటే సరదా. కానీ ఆ ఏడు అతనికి నవ్వు రాలేదు. వానలు వెనకబట్టి నది తగ్గాక బయటపడే ఒడ్డే ఆ ఊరికి కూరగాయల తోట. ఎవరింటి కింది ఒడ్డు వాళ్లది. చాన్‌పెంగ్ ఇంటి కింది ఒడ్డు ఈసారి విరిగి నదిలో కలిసిపోయింది. మొగుడు పోయిన మనిషి, ఇద్దరు పిల్లలు. ఎవరైనా చేపముక్క పంపితే మర్నాడు రెండు తిప్పి పంపేంత అభిమానం. ఆవలి ఒడ్డుకు, థాయ్‌లాండ్‌కి, కూలికి పోతానని మూట కట్టేసింది.

ఆ పక్కనే, దిగువన, పెద్దమ్మ తోట. ఊళ్లోకెల్లా వెడల్పైనది.

"పెద్దమ్మా, ఆ పిల్లకు పది మూరలు ఇవ్వరాదూ?" అన్నాడు ఫూమి.

"నీకేం ముట్టిందిరా?"

"నాకేం ముడుతుంది!"

"ఏమీ ముట్టకుండా ఎవడైనా అడుగుతాడా? అయినా ఇస్తే పుచ్చుకునే రకమా అది? పో పో!"

మూడో రోజు తెల్లవారుతుండగా వల తీయడానికి వెళ్తూ ఫూమి ఆగిపోయాడు. పెద్దమ్మ కావడి వేసుకుని, విరిగిన చాన్‌పెంగ్ ఒడ్డు నుంచి ఎర్రమట్టి తన తోటలోకి మోస్తోంది! అతనికి ఒళ్లు మండింది. ఊరందరినీ దొంగలనే మనిషి, ఆ పిల్లకు మిగిలిన మట్టి కూడా వదల్లేదన్నమాట. ఎండెక్కాక నలుగురినీ తీసుకెళ్లి నిలదీద్దామనుకున్నాడు. ఈలోగా ఆవిడే వాకిట్లోకి వచ్చి పడింది.

"ఊరిపెద్దవేనా నువ్వు? నా తోటలో దొంగసొత్తు పడేసిపోయారు!"

"ఎవరు?"

"ఇంకెవరు, ఆ నది! చాన్‌పెంగ్ మట్టి కాజేసి తెచ్చి నా నెత్తిన పెట్టింది. రేపు నన్నే దొంగనంటారు. పిలువు ఆ పిల్లని!"

ఊరంతా ఒడ్డుకు దిగింది. పెద్దమ్మ తోటలోని బూడిదరంగు ఒండ్రు మీద ఎర్రమట్టి బెత్తెడు మందాన పరుచుకుని ఉంది. చాన్‌పెంగ్ గుప్పెడు తీసి వాసన చూసింది.

"మా మట్టే."

"నీదైతే మోసుకుపో!"

"ఇంత మట్టిని ఎక్కడికి మోసుకుపోనే పెద్దమ్మా?"

"మోయలేకపోతే నువ్వే వచ్చి ఇక్కడ పండించుకో. పరాయి సొత్తుకు కాపలా కాసే ఓపిక నాకు లేదు."

చాన్‌పెంగ్ గుప్పిట్లోని మట్టిని మెల్లగా అక్కడే జారవిడిచింది. ఫూమి పెద్దమ్మ భుజం వంక చూశాడు. రెండు రాత్రులుగా మోసిన కావడి ఒరుసుకుని కందిపోయి ఉంది. పొద్దుటి కోపానికి సిగ్గేసింది, ఆ ముసలిదాని మీద ప్రేమ పొంగుకొచ్చింది.

"సొంత మట్టికి మొహమాటమేంటి?" అన్నాడు గట్టిగా. "ఎర్రమట్టి ఎంతవరకుంటే అంతవరకు చాన్‌పెంగ్‌దే."

"మరైతే రేపు ఆవాలు చల్లుతాను," అంది చాన్‌పెంగ్.

ఫూమి ఎర్రమట్టి అంచున వెదురు గుంజ పాతాడు. పెద్దమ్మ విసురుగా వచ్చి దాన్ని పీకి, తన ఒండ్రులోకి నాలుగడుగులు లోపలికి నడిచి, అక్కడ దిగేసింది.

"పైపైన చూసి గుంజ పాతుతావేంట్రా? ఆ నది అడుగున ఇంకెంత దాచిందో ఎవరికి తెలుసు!"