చెల్లికి వెళ్ళిన సమన్లు

ఇది ఎప్పుడో రాయాల్సింది. అక్షరాలు రాక రాయలేదు. బడికి పోవాల్సిన వయసులో అమ్మ వెంట మిరపకాయ కోతలకు పోయాను. చెల్లి నా చంకలో ఉండేది. యాభై దాటాక, పొదుపు సంఘం వాళ్ళు సాయంత్రాలు చెప్పే చదువులో కూర్చున్నాను. అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది.

అమ్మా నాన్నా పోయాక మిరప చేను మొత్తం అన్న తన పాసుబుక్కులో ఎక్కించుకున్నాడు. నా వాటా కోసం సత్తెనపల్లిలో ఒక వకీలుగారి దగ్గరికి వెళ్ళాను. చెల్లి అప్పటికే కువైట్‌లో ఒకరింట్లో పని చేస్తోంది.

"ఆమెను కూడా ప్రతివాదిగా పెట్టాలమ్మా. వాటాదారులందరూ లేకపోతే కేసు నిలవదు," అన్నారాయన.

"దానితో నాకేం తగువు లేదండీ."

"నాకు తెలుసమ్మా. పద్ధతి అంతే. దేశం బయట ఉంది కాబట్టి సమన్లు పంపడానికి కోర్టు పర్మిషన్ అడగాలి. అడ్రసుందా?"

ఉంది. చెల్లి నాకు దుప్పటి, సబ్బులు పంపిన అట్టపెట్టె మీద ఉంది. కత్తిపీటతో ఆ ముక్క కోసి తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. అది చూసి అర్జీ రాయించారు. వేలిముద్ర వేశాను. కోర్టు అనుమతి ఇచ్చింది. కాగితాలు అరబ్బీలోకి మార్పించి పంపారు.

చెల్లికి ముందే ఒక మాట చెప్పాల్సింది. ఉత్త పద్ధతే కదా, అంత దూరాన ఉన్నదాన్ని కంగారు పెట్టడం ఎందుకులే అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఫోన్ వచ్చింది.

"అక్కా, అన్న మీద కేసేశావని తెలుసు. నా మీదెందుకే?"

"నీ మీద కాదే పిచ్చిదానా!"

"మేడమ్ చదివి చెప్పింది. పైన నీ పేరంట, కింద నా పేరంట. కేసులున్నదాన్ని ఇంట్లో ఉంచుకోనంటోంది. ఈ అడ్రసు నీకు తప్ప ఎవరికిచ్చానే నేను?"

వకీలుగారు చెప్పింది నాకు తిరిగి చెప్పడం రాలేదు. "పద్ధతంటే, పద్ధతి" అంటూనే ఉన్నాను. పెట్టేసింది. ఆ తర్వాత నా ఫోన్ ఎత్తలేదు.

వాయిదా రోజు కోర్టు వరండాలో బంట్రోతు అన్నను పిలిచాడు. అన్న లోపలికి వెళ్ళాడు. తర్వాత చెల్లి పేరు పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. మూడోసారి గొంతు పెంచి పిలిచాడు. చిన్నప్పుడు చేలో అమ్మ దాన్ని కేకేస్తే "నా దగ్గరుందే" అని నేనే పలికేదాన్ని. ఆ రోజు కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను.

"రాలేదు కాబట్టి ఆమె ఎక్స్‌పార్టీ. అంటే ఇక ఆమె లేకుండానే కేసు నడుస్తుంది. మనకు ఆలస్యం ఉండదు," అన్నారు వకీలుగారు. ఆయన తప్పేం లేదు.

చదువు కాస్త వచ్చాక దావా తెలుగు నకలు తీసి కూడబలుక్కుంటూ చదివాను. నాలుగు రోజులు పట్టింది. చివరి పేజీలో ఉంది: "రెండవ ప్రతివాది వాదికి స్వయానా చెల్లెలు. ఆమెపై వాదికి ఎలాంటి ఫిర్యాదు లేదు. ఆమెకు కూడా మూడింట ఒక వంతు ఇప్పించవలసినది."

నేను వేలిముద్ర వేసిన కాగితమే అది. అందులో చెల్లి కోసం అంత మంచి మాట ఉందని నాకు తెలియదు. ఆ మేడమ్ అంతవరకు చదివిందో లేదో.

మర్నాడు పొద్దున్నే అన్న ఇంటికి వెళ్ళాను. కేసు వేశాక ఆ గడప తొక్కలేదు.

"ఏం, ఇల్లు కూడా కొలుచుకుపోదామనొచ్చావా?" అన్నాడు.

"చెల్లికి ఫోన్ కలుపు అన్నా. నీదైతే ఎత్తుతుంది."

నా చేతిలో కాగితాన్ని కాసేపు చూసి కలిపాడు. "ఏందన్నా?" అంది చెల్లి. ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో. పలకరిస్తే పెట్టేస్తుందేమోనని నేరుగా చదవడం మొదలుపెట్టాను. "స్వయానా" దగ్గర తడబడ్డాను. మళ్ళీ మొదటి నుంచి అందుకునేలోపు ఫోన్ కట్టయిపోయింది.

"సిగ్నల్ లేదేమోలే," అన్నాడు అన్న, నా వైపు చూడకుండా.

మళ్ళీ కలపమన్నాను.