డిస్కు కింద మంగళవారం

సముద్రం ఒడ్డున ఉన్న ఆపామ్‌లో కరెంటు పోతే జనం ఓ నిట్టూర్పు విడిచి బయటికొచ్చి కూర్చుంటారు. అరబా ఎసిల్ఫీ మాత్రం పరుగెత్తేది. రేడియో గదిలో ఒక్కటి తప్ప తీగలన్నీ గోడలోంచి పీకేదాకా ఆమెకు ఊపిరాడేది కాదు. పోయిన కరెంటు మర్యాదగా తిరిగిరాదనీ, వస్తూనే దొరికినదాన్నల్లా కాల్చిపోతుందనీ ఆమెకు గట్టి నమ్మకం. క్యాసెట్ల రోజుల్లో ఒక టేపు మిషను ఆమె కళ్ళముందే పొగలు కక్కి చచ్చిపోయింది మరి. సొంత మేక పోయినంతగా ఏడ్చింది ఆ పూట.

ఊరి రేడియో అంటే చేపల కోల్డ్ స్టోరు పైన ఒక్క గది. అది పెట్టిన మొదటి రోజునుంచీ అందులో అరబానే అన్నీ. వాళ్ళ నాన్న సంతలో రేడియోలు బాగుచేసేవాడు. ఆయన పక్కన కూర్చుని తీగలు అతికించిన పిల్లకి అంతకుమించిన చదువు అక్కర్లేకపోయింది. క్యాసెట్లు పోయి కంప్యూటరు వస్తే కంప్యూటరు నేర్చుకుంది. ఆ తర్వాత డబ్బాలొచ్చాయి. రికార్డింగ్ చేసే సాఫ్ట్‌వేర్‌ని దాని సామానుతో సహా ఒక డబ్బాలో పెట్టి, కంప్యూటరు లోపలే విడిగా నడపడమన్నమాట. లోకమంతా కంటెయినర్ అంటుంది, అరబా డబ్బా అనేది. డబ్బాకీ కంప్యూటరుకీ మధ్య ఒక ఫోల్డరు ఉమ్మడి. వంటింటికీ వసారాకీ మధ్య గోడలో కిటికీ లాంటిది. డబ్బా ఇటునుంచి పాట పెడితే కంప్యూటరు అటునుంచి అందుకుంటుంది. పాటలన్నీ భద్రంగా ఉండాలని ఆ ఫోల్డరు చోట ఒక బయటి డిస్కు తగిలించింది.

కరెంటు పోగానే మొదట ఆ డిస్కు పీకి, గుడ్డలో చుట్టి చంకన పెట్టుకునేది. కంప్యూటరు తీగ జోలికి మాత్రం వెళ్ళకూడదని మేనేజరు ఆర్హిన్ గారి ఆజ్ఞ.

"దానంతటది లేవాలి అరబా. నువ్వు కెంకీ ముద్ద తిని, చేతులు కడుక్కుని, ఊళ్ళో వాళ్ళందర్నీ పలకరించి వచ్చేదాకా రేడియో నోరు మూసుకుని కూర్చోలేదు."

"కాలిపోతే నన్నడక్కండి సార్."

"నిన్నడక్కపోతే ఇంకెవర్ని అడుగుతాను?"

కరెంటు రాగానే ఊరంతా కేక పెట్టేది. కంప్యూటరూ లేచేది. అరబా మాత్రం కరెంటు కుదురుకుందని మనసుకు తోచేదాకా డిస్కు తగిలించేది కాదు.

ఆ రోజుల్లో మంగళవారమంటే ఎంత బావుండేదో! మంగళవారం సముద్రానికి సెలవు, ఒక్క పడవా కదలదు. మగాళ్ళు ఒడ్డున వలలు బాగుచేసుకుంటుంటే ఆడవాళ్ళు సొరబుర్ర గిలకలు పట్టుకుని రేడియో గదికి మెట్లెక్కేవారు. చేపల పొగ వాసనతో గది నిండిపోయేది. వాళ్ళ ముందు ఎఫువా బాదువా. చేపలు కాల్చి అమ్మడం ఆమె వృత్తి, పాట ఆమె ప్రాణం. ఒడ్డున నిలబడి ఒక్క కేక వేస్తే పడవలో ఉన్నవాడు చేపల ధర తగ్గించుకోవాల్సిందే. అరబా, ఎఫువా ఒకే వీధిలో పుట్టి, ఒకరి జడ ఒకరు లాక్కుని పెరిగినవాళ్ళు. ఒకరినొకరు తిట్టుకోకపోతే ఇద్దరికీ పొద్దుపోయేది కాదు.

ఒక మంగళవారం ఎఫువా వాళ్ళమ్మ పాట పాడింది. సముద్రంలోకి వెళ్ళి తిరిగిరానివాళ్ళని పేరుపేరునా పిలిచే పాట. తల్లి పోయాక దాన్ని మొదటినుంచి చివరిదాకా పాడగలిగింది ఎఫువా ఒక్కతే. ఆ పొద్దున కరెంటు పోయి వచ్చింది. అరబా ఎప్పటిలాగే కాసేపాగి డిస్కు తగిలించింది. పాట అయ్యాక డబ్బాలో విని చూసుకుంది, నిక్షేపంలా ఉంది. రాత్రికి అన్నీ కట్టేసి ఇంటికెళ్ళింది. మర్నాడు తెరిస్తే పాట లేదు!

డబ్బాలో లేదు, డిస్కులో లేదు. పాతవన్నీ ఉన్నాయి, నిన్నటిది ఒక్కటే గాలికి కొట్టుకుపోయినట్టు మాయం. అరబా డిస్కుని దువ్వెనతో దువ్వినట్టు వెతికింది. రాజధాని అక్రా నుంచి కంప్యూటర్లు తెలిసిన ఒకతన్ని పిలిపిస్తే అతనూ చూసి తల అడ్డంగా ఊపాడు.

"పోతే పోయిందిలేవే. నేనున్నాను, పాట నా గొంతులో ఉంది. సీజను అవగానే మళ్ళీ పాడతాను, ఏడవకు," అంది ఎఫువా.

చేపల సీజను అయ్యేలోపే ఆమె గొంతులో గడ్డ పడింది. కేప్ కోస్ట్ ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెట్టారు. గొంతు మాత్రం తిరిగిరాలేదు. గుసగుస కూడా రాదు. ధర నచ్చకపోతే చేపల గంప మీద అరచేత్తో కొట్టడమే.

ఎఫువా ఒక్కరోజు కూడా అరబాని తప్పుపట్టలేదు. పట్టి ఉంటే బావుండునని అరబాకి అనిపించేది. ఎఫువా మళ్ళీ ఆ మెట్లెక్కలేదు. అరబా కూడా ఆమె పొయ్యిల ముందునుంచి వెళ్ళడం మానేసి, చుట్టూ తిరిగి చర్చి వెనకనుంచి వెళ్ళేది. ఆ మధ్యలోనే అరబా భర్త క్వెకు పోయాడు. ఎఫువా వచ్చి, ఆ రాత్రంతా అరబా చెయ్యి పట్టుకుని కూర్చుంది. మాట లేదు. తన దుఃఖంలో ఆ మాట లేకపోవడమే అరబాని ఎక్కువగా కోసింది.

ఏళ్ళు గడిచాయి. కరెంటు పోయిన రోజుల రికార్డింగులు అప్పుడప్పుడూ మాయమవుతుంటే, కరెంటే తినేసిందని అరబా తిట్టుకునేది. ఆర్హిన్ గారు కొత్త కంప్యూటరు తెప్పించారు. దాంతోపాటు కరెంటు పోయినా కాసేపు నడిపించే బ్యాటరీ కూడా వచ్చింది. పాతదాన్ని శుభ్రంగా చెరిపేసి బడికి ఇచ్చేయమన్నారు.

"అందులో మనది ఏమీ లేదు కదా?" అని అడిగారు.

"ఏమీ లేదు సార్. అన్నీ డిస్కులోనే."

చెరిపేముందు చూడటం అలవాటు గనుక చూసింది. పాటలన్నీ బయటి డిస్కులో ఉన్నప్పుడు కంప్యూటరు కడుపు ఖాళీగా ఉండాలి కదా, అది దాదాపు నిండుగా ఉంది. ఒక్కొక్క ఫోల్డరూ తెరిచింది. ఏ ఫోల్డర్లోనూ అంత సరుకు లేదు.

"ఏం తిన్నావే? ఎక్కడ దాచావు?" అంది కంప్యూటరుతో.

"నీకు కావాలంటే దాన్ని దత్తత తీసుకో. నాకు మాత్రం శుక్రవారానికల్లా ఖాళీ చేసి ఇవ్వు," అన్నారు ఆర్హిన్ గారు.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. అరబా చేతులు వాటంతటవే కదిలాయి. డిస్కు పీకి, గుడ్డలో చుట్టింది. తలెత్తి చూస్తే తెర ఇంకా వెలుగుతోంది. పరీక్షించడానికని కొత్త బ్యాటరీకి తగిలించింది ఈ పాత కంప్యూటరునే అని అప్పుడు గుర్తొచ్చింది. ఇన్నేళ్ళలో డిస్కు లేకుండా, కరెంటు ఉండగా, ఆ ఫోల్డరు తెరిచి చూసిన పాపాన ఎవరూ పోలేదు.

అరబా ఇప్పుడు తెరిచింది. డిస్కు తీసేశాక ఆ చోటు ఖాళీగా ఉండాలి. ఖాళీగా లేదు. పైనుంచి కిందిదాకా ఫైళ్ళు.

అరబా కుర్చీ దగ్గరికి లాక్కుంది. విషయం మెల్లగా బోధపడింది. కరెంటు రాగానే కంప్యూటరుతోపాటు డబ్బా కూడా లేచేది. డిస్కేమో తన చంకలో ఉండేది. డబ్బా గొడవ చెయ్యకుండా డిస్కు ఉండాల్సిన చోట ఉత్త ఫోల్డరొకటి పరుచుకుని పని మొదలుపెట్టేది. తర్వాత తను తెచ్చి తగిలించిన డిస్కు, చాప మీద ఇంకో చాప వేసినట్టు, దానిమీద పడేది. తనకి పై చాప కనబడేది. డబ్బా మాత్రం కట్టేసేదాకా కింద చాపమీదే రాసుకుంటూ పోయేది. మర్నాడు డబ్బాకీ పై చాపే కనబడేది. ఏదీ పోలేదు. తన అతిజాగ్రత్తే అన్నిటినీ కప్పేసింది. నవ్వాలో తన నెత్తిన తనే మొట్టుకోవాలో అరబాకి తెలియలేదు.

ఆ మంగళవారం అక్కడే ఉంది. ఒంటరిగా వినడానికి ఆమెకు మనసొప్పలేదు.

మరుసటి మంగళవారం స్పీకరు పట్టుకుని, చర్చి వెనకనుంచి కాకుండా, నేరుగా ఎఫువా పొయ్యిల దగ్గరికే వెళ్ళింది. పాటకత్తెలంతా పోగయ్యారు. అరబా మీట నొక్కింది.

మొదట పాట రాలేదు. గిలకల చప్పుడు, కుర్చీ లాగిన చప్పుడు, ఆ తర్వాత ఊరు మర్చిపోతున్న గొంతు:

"ఒసేయ్ అరబా, నీ మిషను లేచిందా, మీ ఆయన్లాగా ఇంకా గురకపెడుతోందా?"

"మా ఆయన జోలికొచ్చావంటే చూడు. నోరు మూసుకుని పాడవే!"

"నోరు మూసుకుని ఎలా పాడతారే పిచ్చిదానా?"

ఆ తర్వాత గదంతా నవ్వు, అందులో అరబా నవ్వూ ఉంది. ఆ నవ్వులోంచే పాట లేచింది. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. కొత్తగా ముందుండి పాడుతున్న పిల్ల పెదాలు కదుపుతూ మాటలు పట్టుకుంటోంది. అరబా దాచుకోకుండా ఏడ్చింది, క్వెకు కోసమూ, గురక కోసమూ, ఆ గొంతు కోసమూ.

ఎఫువా ఏడవలేదు. పొగకి మసిబారిన చేతులు గుడ్డకి తుడుచుకుని గిలక అందుకుంది. తన పాటకి తనే తాళం వేసింది, ఒక్క దెబ్బా తప్పకుండా, పెదాలు బిగించి. పాట అయిపోగానే అరబా భుజం పొడిచి, వెనక్కి తిప్పమని సైగ చేసింది. అరబా పాట మొదటికి తిప్పింది. ఎఫువా విసుగ్గా తల అడ్డంగా ఊపింది. ఇంకా వెనక్కి. ఆ తిట్ల దగ్గరికి.

"నోరు మూసుకుని ఎలా పాడతారే పిచ్చిదానా?" అని స్పీకరు మళ్ళీ అడిగింది.

ఎఫువా గిలక ఆపలేదు. జవాబు చెప్పమన్నట్టు కనుబొమ్మలెగరేసి అరబా వంక చూసింది. ఆ రోజు అరబా నవ్వి ఊరుకుంది. ఇవాళ ఆ చేతుల్ని, ఆ బిగించిన పెదాల్ని చూస్తూ జవాబిచ్చింది.

"ఇలాగేనే ఎఫువా. ఇదిగో, ఇలాగే."