దఫేదారు మామ, ఆ తెల్ల చారలు

దఫేదారు మామ పోయారు. మొన్న పొద్దున అమ్మకు పెట్టుడు కాలి బెల్టు బిగిస్తుంటే ఆయన కూతురు ఫోన్ చేసింది. "నాయిన లేడక్కా. నిద్దర్లోనే పోయినాడు" అంది. నెలగా మంచంలోనే ఉన్నారని తెలుసు. అయినా నా చేతులు ఆగిపోయాయి. నా మొహం చూసి, ఎవరని అడక్కుండానే అమ్మ ఏడ్చింది.

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఈ మనిషినే నేను రెండేళ్లు నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను.

అమ్మ హెబ్బగోడిలో గార్మెంట్స్ ఫ్యాక్టరీకి వెళ్లేది. ఒకరోజు రోడ్డు దాటుతుంటే కారు గుద్దింది. కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. ప్రమాదం జరిగిన చోట అడుగులతో కొలిచి స్కెచ్ గీసింది ఈయనే. హెడ్ కానిస్టేబుల్‌ను మా వైపు దఫేదారు అంటారు. ఆ కాగితంలో రోడ్డుంది, కారుంది, అమ్మ చెప్పు పడిన చోటు కూడా ఉంది. జనం దాటే తెల్ల చారలు మాత్రం లేవు. అవి అరిగిపోయి దుమ్ము కింద ఉన్నాయి. పరిహారం కేసులో ఇన్సూరెన్స్ లాయరు ఆ కాగితాన్నే పట్టుకున్నాడు. దాటకూడని చోట దాటింది కాబట్టి సగం తప్పు ఆమెదే అన్నాడు.

కాలు పోయినప్పుడు కూడా అమ్మ అంత ఏడవలేదు. "చారల మీదే దాటినా పాపా. ఇన్నేండ్లుగా ఆడనే దాటతాండా. నన్ను అబద్ధాలకోరును చేసినారు కదే" అని గోడవైపు తిరిగి పడుకుంది.

సాక్ష్యానికి రమ్మని దఫేదారుకు సమన్లు అందాక, ఒక సాయంత్రం ఆయనే మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. నాకు ఒళ్లు మండింది. "ఇంకా ఏం గీయాలని వచ్చినారు?" అన్నాను.

ఆయన నన్ను దాటి అమ్మవైపు చూశారు. "మళ్లీ పోయి చీపురుతో తుడిచి చూసినానమ్మా. పాత చారలుండాయి. పొద చాటున, జనం దాటే చోటని చెప్పే బోర్డు కంబం కూడా ఉండాది. ఆ పొద్దు నేను వంగి చూడలేదు. కోర్టులో అదే చెప్తా."

"నీ ఉద్యోగానికి ఏమన్నా అయితేనో?" అంది అమ్మ.

"అయితే కానీమ్మా. నీ కాలు నేను తెచ్చీలేను. నీ మాటన్నా తెచ్చిస్తా."

చెప్పారు. అప్పుడు అబద్ధమా, ఇప్పుడు అబద్ధమా అని లాయరు గుచ్చి గుచ్చి అడిగాడు. "అబద్ధం కాదు స్వామీ, సరిగా చూడలేదు" అన్నారు, తల దించుకుని. అమ్మ తప్పేమీ లేదని తీర్పు వచ్చింది. ఆయనకు మాత్రం మెమో వచ్చింది. ఆ సంగతి ఆయన ఎన్నడూ చెప్పలేదు, కూతురు చెప్పింది.

అప్పట్నుంచి ఆయన మాకు మామ. గేటు నుంచి వంటింటి దాకా పెదాలు కదుపుతూ అడుగులు లెక్కపెడుతూ వచ్చేవారు. "పద్నాలుగే కదా మామా, గోడలేమన్నా జరిగినాయా?" అని ఏడిపించేదాన్ని. రిటైరయ్యాక స్కూటర్ డిక్కీలో చిన్న చీపురు పెట్టుకుని తిరిగేవారు. వారానికోసారి ఆ చారలు ఊడ్చేవారు. జనం పిచ్చోడన్నారు. కొత్త కానిస్టేబుళ్లు కనబడితే వదిలేవారు కాదు. "వంగి చూడండప్పా. నడుంనొప్పి రేపటికి పోతాది. కాగితం మీద పడింది పోదు" అనేవారు.

అంత్యక్రియల నుంచి వస్తూ అమ్మ ఆ చోట ఆటో ఆపించింది. నెల రోజుల దుమ్ము. రోడ్డు ఒకే రంగులో ఉంది. నా భుజం పట్టుకుని వంగబోయింది. పెట్టుడు కాలు వంగలేదు.

నేను వంగాను. కొంగుతో తుడిచాను. నల్ల రోడ్డు మీద అరచేయంత తెలుపు బయటపడింది.

"ఉండాయా పాపా?"

"ఉండాయి మా."

హారన్లు మోగుతూనే ఉన్నాయి. వచ్చే బండ్లకు చెయ్యి అడ్డం పెట్టి అమ్మ అక్కడే నిలబడింది.