ఉధ్నాలో దొరికిన భూకంపం

లాక్‌డౌన్‌లో మా సాంచెలు, అంటే మరమగ్గాలు, ఆగిపోయాక, ఊరికి పోయే టికెట్ల కోసం సూరత్‌లోని ఉధ్నా స్టేషన్‌లో పడిగాపులు కాస్తున్నాం. ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్న ఒక అమ్మాయి ఉన్నట్టుండి "దొరికింది!" అని తెలుగులో అరిచింది.

"ఏ రైలుకు చెల్లే?" అంటూ అందరం మూగాం.

"టికెట్ కాదన్నా, భూకంపం!" అని, భూకంపాల మీద పరిశోధన చేస్తున్న ఆ అమ్మాయి, నేల అదురును యంత్రం గీసిన రెండు గీతలు తెర మీద చూపించింది. "గిది పాత పెద్ద భూకంపం గీత. అదే జాగల పుట్టిన చిన్నదానిక్కూడ గిదే రూపం ఉంటది. పోల్చి చూస్తే గీ చిన్నది దొరికింది. ఇన్ని దినాలు గిసొంటియి మీ సాంచెల అదురుల కలిసిపోతుండె."

"అంటే మా సాంచెలు బందైనయి గాబట్టే దొరికిందా?"

"అవునన్నా!"

మగ్గాలు ఆగినందుకు మెరిసిన ముఖం అదొక్కటే చూశాను. టికెట్ దొరకని మేమంతా చప్పట్లు కొట్టాం.

ఇప్పటికీ కరెంటు పోయి మగ్గాలు ఆగితే, చెప్పులు విడిచి అరికాళ్లు నేలకు ఆనిస్తాను.