హిల్లెవి దాచిన పదకొండు కాగితాలు

తన తండ్రి ఇంకొకడి తండ్రి అయిపోయిన సంగతి హిల్లెవి లిడ్‌స్ట్రోమ్‌కి పేపరు చూస్తే తెలిసింది. 1999 ఏప్రిల్, ఒక శనివారం పొద్దున. వంటింటి బల్ల మీద కాఫీ, జున్ను ముక్క పెట్టిన రొట్టె, పక్కన జిల్లా పత్రిక. వినోదం పేజీలో కాస్పర్ వెస్ట్‌మన్ నిలువెత్తు ఫోటో. చలికోటు, చెదిరిన జుట్టు, ఎటో దిగులుగా చూపు.

"ఆ పాట మా నాన్న గురించి," అని చెప్పాడు కాస్పర్ విలేకరితో. "కాగితం మిల్లులో ఉద్యోగం పోయాక కూడా ఆయన రోజూ పొద్దున్నే కారేసుకుని వెళ్ళి మిల్లు గేటు ముందు ఆపుకుని కూర్చునేవాడు. ఫ్లాస్కులో కాఫీ అయిపోయేదాకా."

కాస్పర్ తండ్రి పళ్ళ డాక్టరు. మిల్లు గేటు ముందు కారాపాల్సిన ఖర్మ ఆయనకి ఎన్నడూ పట్టలేదు. అలా ఆపుకుని కూర్చున్నవాడు ఏవెర్ట్ లిడ్‌స్ట్రోమ్, హిల్లెవి తండ్రి. ఆ క్షణాన ఆయన అదే బల్లకి అటువైపు కూర్చుని అదే పేజీ చదువుతున్నాడు.

ఏవెర్ట్ పేపరుని నాలుగు మడతలు పెట్టాడు. "గొంతు బావుంటుంది ఆ కుర్రాడిది," అన్నాడు. ఇంకో కప్పు కాఫీ పోసుకున్నాడు. అంతే.

హిల్లెవి రొట్టె నములుతూ కూర్చుంది.

పాట పేరు 'ఇంజిన్ ఆపకు'. మాటలు హిల్లెవివి, బాణీ హిల్లెవిది. పందొమ్మిదేళ్ళ వయసులో, నాలుగు మీటలు పలకని పాత కీబోర్డు మీద కట్టింది. 'ఇంజిన్ ఆపకు, అద్దం మీద ఆవిరి ఉండనీ, లోపల ఎవరున్నారో వాళ్ళకి కనిపించకూడదు' అని మొదలవుతుంది. మాటలు వింటే గుండె బరువెక్కుతుంది, బాణీ వింటే కాళ్ళు ఆగవు. వాళ్ళ హెల్‌ఫోర్స్ లాంటి ఉత్తర స్వీడన్ ఊళ్ళలో, నవంబరులో మధ్యాహ్నం రెండుకే పొద్దుగూకే చోట, పిల్లలు పాటలు అలాగే కడతారు. ఏడుపుని కూడా గెంతుతూ పాడతారు.

బృందం పేరు 'ఖాళీ స్టేషన్'. కాస్పర్ పాడేవాడు, ఓలా డ్రమ్స్, ఎమిల్ గిటార్, హిల్లెవి కీబోర్డు. రికార్డు వచ్చాక అట్ట వెనక చూస్తే 'మాటలు, బాణీ: కాస్పర్ వెస్ట్‌మన్' అని ఉంది. అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో, 'కీబోర్డు: హిల్లెవి'. ఇంటిపేరు కూడా లేదు.

అప్పుడు ఓలాని నిలదీసింది.

"బృందం అన్నాక అందరం కలిసే కదా చేస్తాం," అన్నాడు ఓలా, డ్రమ్ము కర్ర గోళ్ళతో గిల్లుతూ. "దీన్ని పెద్దది చెయ్యకు, హిల్లెవీ. నువ్వేదో గొప్పదాన్ని అనుకుంటున్నావంటారు."

ఆ ఊళ్ళో ఒక మనిషి మీద వేయగల అతి పెద్ద నింద అది. దొంగతనం చేసినవాడికి ఉద్యోగం ఇస్తారు, తాగి గొడవ చేసినవాడిని ఇంటి దగ్గర దింపుతారు. 'నాది' అని నోరు తెరిచి అన్నవాళ్ళతో మాత్రం ఎవరూ కాఫీ తాగరు. మంచితనం పేరుతో మెడ వంచడం నేర్పే ఊళ్ళు ప్రపంచమంతా ఉన్నాయి. ఎక్కడైనా ముందుగా వంగేది ఆడవాళ్ళ మెడే.

కాస్పర్ రాజధానికి వెళ్ళిపోయాడు. పాట దేశమంతా తిరిగింది. పదో తరగతి పిల్లలు బడి ఆఖరి రోజున పాడారు, పెళ్ళిళ్ళలో పాడారు, చావుల్లో కూడా పాడారు. 2009లో ఏవెర్ట్ పోయాడు. బీరువాలో, పన్ను కాగితాల కింద, ఆ మడత పెట్టిన పేపరు దొరికింది. కాస్పర్ చెప్పిన మాటల కింద పెన్సిలుతో గీత. ఒక్కటే గీత, కానీ కాగితం చిరిగేంత గట్టిగా.

ఆ రోజు హిల్లెవికి ఏడుపు రాలేదు. పాట పోయిందంటే పోయింది, నాన్నని కూడా ఎత్తుకుపోయాడే అనుకుంది. ఆ కసి అక్కడ మొదలైంది. చల్లటి కసి. అరుపులూ శాపనార్థాలూ ఎరుగనిది.

అప్పటికామె హెల్‌ఫోర్స్ ప్రజాభవనంలో పనిచేస్తోంది. నేలమాళిగలో ఆరు సాధన గదులు ఉంటాయి. వాటి తాళాలు ఆమెవి, చీపురూ ఆమెదే. వైర్లు అతికించడం, పగిలిన స్పీకర్లు సర్దడం, పదిహేనేళ్ళ దిగులు ముఖాలకి గది గంటలు పంచడం ఆమె పని. 2017లో గొట్టం పగిలి మూడో గదిలోకి నీళ్ళొచ్చాయి. తడిసిన అలమారా ఖాళీ చేస్తుంటే పై అరలో నీలం అట్ట ఫైలు ఒకటి పొడిగా దొరికింది.

అదేమిటో చూడగానే తెలిసింది. స్వీడన్‌లో ఏ ఊళ్ళో అయినా పిల్లలు గిటార్లు పట్టుకుని గది కావాలంటే అధ్యయన సంఘం దగ్గరికి వెళ్తారు. సంఘం లెక్కలో వాళ్ళది బృందం కాదు, చదువుకునే మండలి. గది ఊరికే ఇస్తారు, కానీ కలిసిన ప్రతిసారీ హాజరు కాగితం నింపాలి. ఎవరొచ్చారు, ఎన్ని గంటలున్నారు, ఈ రోజు ఏం నేర్చుకున్నారు. అడుగున మండలి నాయకుడి సంతకం. అన్ని బృందాలూ ఆ గడిలో 'సాధన' అని ఒక్క ముక్క గీకి పారేస్తాయి. ఖాళీ స్టేషన్‌కి నాయకుడు కాస్పర్. పళ్ళ డాక్టరు కొడుకు, చేతిరాత ముత్యాలు, ఏ కాగితం ఇచ్చినా బడి పరీక్షలా నిజాయితీగా నింపే అలవాటు.

హిల్లెవి తడి నేల మీదే కూర్చుని చదివింది. 1997 నవంబరు నుంచి 1998 ఫిబ్రవరి దాకా ఆ పాట ప్రస్తావన ఉన్నవి పదకొండు కాగితాలు. పదకొండింటి కిందా ఒకటే సంతకం.

ఫైలుని చలికోటు లోపల పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళింది. ఆ వారమే పత్రికకి పంపొచ్చు. పంపలేదు. పేపర్లో వస్తే వాడు తన ఇంట్లో, తన వంటింట్లో, ఒంటరిగా చదువుకుంటాడు. ఆమెకి అది చాలదు. వాడు ఇక్కడికి రావాలి. తన నోటితో తనే చదవాలి. ఏడేళ్ళు ఆగింది.

2024 మేలో పురపాలక సంఘం సాంస్కృతిక కార్యదర్శి పెర్నిల్లా నేలమాళిగకి దిగి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"హిల్లెవీ, విన్నావా? పాత మిల్లు గేటు గోడ మీద రాగి ఫలకం పెడుతున్నాం! 'ఇంజిన్ ఆపకు' పల్లవి మొత్తం చెక్కిస్తున్నాం. కింద కాస్పర్ పేరు. సెప్టెంబరులో తనే వస్తున్నాడు."

హిల్లెవి వైరు చుడుతోంది. చుట్టడం ఆపలేదు. "ఎక్కడ పెడతారు, గేటుకి కుడివైపా?"

"అవును, కార్లు ఆపే చోట. నువ్వూ ఆ బృందంలో ఉండేదానివట కదా! పాత ఫోటోలేమైనా ఉంటే చూడవా? హాల్లో అద్దాల పెట్టె పెడదాం, జ్ఞాపకాలకి."

"చూస్తాను. కాగితాలు కొన్ని ఉన్నట్టు గుర్తు," అంది హిల్లెవి.

ఆ సాయంత్రం ఓలాని కాఫీకి పిలిచింది. దాల్చినచెక్క బన్ను ముందు పెట్టి, ఫైలు తెరిచి చూపించింది. ఓలా చదివాడు. బన్ను ముట్టలేదు.

"ఇవి బయటపెడతావా?"

"అద్దాల పెట్టెలో పెడతాను. జ్ఞాపకాలట కదా."

"అందరి ముందా? వద్దే. ముందు ఫోన్ చేసి చెప్పు. ఇరవై ఏడేళ్ళయింది, పాపం వాడికి..."

"పాపమా? మా నాన్న గీత గీసిన పేపరు చూపించనా? అదీ బీరువాలో ఉంది." హిల్లెవి అతని కప్పులో కాఫీ నింపింది. "నువ్వు కూడా ఆ గదిలో ఉన్నావు ఓలా. నోరు మూసుకున్నావు. ఈసారి కూడా మూసుకుంటే మూసుకో. కానీ ఆ రోజు ముందు వరసలో కూర్చుంటావు. వెనక బెంచీ నీకు దొరకదు."

సెప్టెంబరు శనివారం మధ్యాహ్నం. హాలు నిండింది. మిల్లు పనివాళ్ళు, వాళ్ళ పిల్లలు, మనవలు. బల్లల మీద రొయ్యలూ దోసకాయలూ అలంకరించిన సాండ్‌విచ్ కేకులు. కాస్పర్ నలుపు కోటు, ఉన్ని టోపీ వేసుకుని వచ్చాడు. వయసు నలభై ఏడు. చూపులో దిగులు మాత్రం ఆ ఫోటోలోదే.

"హిల్లెవీ! నువ్వింకా ఇక్కడే ఉన్నావా?" అని కౌగిలించుకున్నాడు.

"ఉండాలిగా. గదులకి తాళాలెవరు వేస్తారు?" అంది.

అద్దాల పెట్టె దగ్గర అతను ఆగిపోయాడు. "అయ్యో దేవుడా, ఇవి హాజరు కాగితాలు! నా రాత!" మైకు చేతిలోనే ఉంది. "పెర్నిల్లా, ఒకటి చదవనా? మన కాలంలో గిటార్ వాయించాలన్నా ఎంత రాతకోతలో ఈ పిల్లలకి తెలియాలి."

హిల్లెవి పెట్టె తాళం తీసి మొదటి కాగితం ఇచ్చింది. కాస్పర్ చదివాడు. "'హాజరు నలుగురు. ఓలా కర్ర విరిగింది. ఇంకో కర్ర కూడా విరిగింది. నేర్చుకున్నది: ఓలాకి కర్రలు ఇవ్వకూడదు.'" హాలు పగలబడి నవ్వింది. ముందు వరసలో ఓలా మాత్రం నవ్వలేదు.

"ఇంకోటి చదువు కాస్పర్," అని రెండో కాగితం అందించింది హిల్లెవి.

"'నవంబరు 17. హాజరు నలుగురు. హిల్లెవి కొత్త పాట తెచ్చింది. మాటలు, బాణీ తనవే. వాళ్ళ నాన్న...'"

కాస్పర్ కాగితం కిందికి దించాడు. మైకులో ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

"చదువు," అంది హిల్లెవి. "నీ రాతే కదా, అర్థం కాకపోవడానికి ఏముంది?"

"హిల్లెవీ, మనం తర్వాత..."

"'వాళ్ళ నాన్న మిల్లు గేటు ముందు కారాపుకుని కూర్చోవడం గురించి,'" అని ఓలా లేచి నిలబడి పూర్తి చేశాడు. కాగితం చూడకుండా. "'పేరు: ఇంజిన్ ఆపకు. మేం మొదటి చరణం నేర్చుకున్నాం.' నేనక్కడే ఉన్నాను. ఆ పాట హిల్లెవిదే."

మూడో వరసలో ముసలి రూనె చేతికర్ర నేలకి తాటించాడు. మిల్లులో ముప్పై ఏళ్ళు గేటు కాపలా కాసినవాడు. "ఆకుపచ్చ సాబ్ కారు," అన్నాడు. "ఏవెర్ట్‌ది. రోజూ ఏడుంబావుకి వచ్చేవాడు. నేనే గేటులోంచి చెయ్యి ఊపేవాణ్ణి. నువ్వెవరివయ్యా మధ్యలో?"

హిల్లెవి ఆ పాట ఊసున్న మిగతా పది కాగితాలూ ఒక్కొక్కటిగా అద్దం మీద పరిచింది. తొందరేమీ లేదు. ఏడేళ్ళు ఈ నిమిషాన్ని మనసులో తిప్పుకుంది, ఇప్పుడు కొద్దికొద్దిగా తింటోంది.

కాస్పర్ టోపీ తీశాడు. "అప్పుడు మనం పిల్లలం. నేను... సరే. ఇద్దరి పేర్లూ వేయిద్దాం. కాస్పర్, హిల్లెవి. ఫలకం మార్పిద్దాం. ఖర్చు నాది."

"వద్దు."

"మరేం కావాలి నీకు? క్షమించమంటున్నాను కదా!"

"క్షమాపణ ఇంటికి పట్టుకెళ్ళు, నాకొద్దు. నీ పేరు తీసెయ్యి. ఇంకొకటి, మీ నాన్న ఏం పని చేసేవారో ఆ మైకులో చెప్పు."

మొహమాటం వచ్చినప్పుడు కాఫీ కప్పులోకి చూసే జనం అది. ఆ రోజు ఒక్కరూ కప్పులోకి చూడలేదు, అందరూ అతన్నే చూశారు.

"పళ్ళ డాక్టరు," అన్నాడు కాస్పర్.

"గట్టిగా."

"మా నాన్న పళ్ళ డాక్టరు. ఆ పాట హిల్లెవి వాళ్ళ నాన్నది."

హిల్లెవి వెళ్ళి సాండ్‌విచ్ కేకు పెద్ద ముక్క కోసుకుంది. రొయ్యలు ఎక్కువున్న మూల ఏరుకుని మరీ కోసుకుంది. కాస్పర్ వెనక తలుపు గుండా బయటికి వెళ్తున్నంతసేపూ తింటూనే ఉంది. అంత రుచిగా ఆమె పెళ్ళి విందులో కూడా తినలేదని తర్వాత ఓలాతో చెప్పింది. జాలి కలగలేదా అని అడిగితే, "కలిగితే చెప్తాలే," అంది.

రికార్డు మీద వచ్చిన సొమ్ము సంగతి లాయర్లు తేలుస్తారో లేదో గానీ, ఆమె ఆ మాట ఎత్తలేదు. గోడ మీద ఫలకం ఇంకా లేదు. గేటుకి కుడివైపు నాలుగు మేకుల కన్నాలు మాత్రం ఉన్నాయి. పేరు మార్చాలంటే పురపాలక సంఘం మళ్ళీ కూర్చుని తీర్మానించాలని, 'ఇరుపక్షాల మాటా వినాలని' పెర్నిల్లా అంటోంది. ఒక పక్షం మాట దేశం పాతికేళ్ళు విన్నది చాలదన్నమాట.

అందుకని ఇది చదువుతున్న మీతో రెండు మాటలు. హెల్‌ఫోర్స్ వైపు ఎప్పుడైనా వెళ్తే ఆ నాలుగు కన్నాల కింద సుద్దతో 'హిల్లెవి లిడ్‌స్ట్రోమ్, ఏవెర్ట్ కూతురు' అని రాయండి. వాన కడిగేస్తే తర్వాత వచ్చేవాళ్ళు మళ్ళీ రాస్తారు. వెళ్ళలేకపోతే మీ ఊళ్ళోనే ఒక పని చెయ్యండి. మీ వాద్యబృందంలో, భజన మండలిలో, నాటక సమాజంలో, కాలేజీ పాటల గుంపులో ఎవరో ఒకమ్మాయి మూల కూర్చుని హార్మోనియం వాయిస్తూ ఉంటుంది. ఈ వారమే ఆమెని అడగండి, ఈ పాట ఎవరు కట్టారని. జవాబు కాగితం మీద రాయండి, తేదీ వెయ్యండి. కింద సంతకం మాత్రం పాడేవాడి చేతే పెట్టించండి. ఆ కాగితాన్ని పొడిగా ఉండే పై అరలో దాచండి.